కాలిన కొండవాలులో కనిపించిన ఈ ‘ఈత’ మొక్క ఏంటి? (ఫొటోలు ఉన్నాయి, లొకేషన్ తీసేశాం)

శేషాచలం_నడక, తిరుపతి | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇవాళ పొద్దున మా గ్రూపుతో కొండెక్కాం. అనుమతి తీసుకునే వెళ్లాం, గైడ్ కూడా ఉన్నాడు, కాబట్టి ఆ విషయంలో మళ్లీ క్లాసు పీకొద్దు. దారిలో పోయిన నెల కాలిన వాలు ఒకటి దాటాల్సి వచ్చింది. బోదగడ్డి అంతా బూడిదైపోయింది. కాలు పెడితే నల్లగా లేస్తోంది.

ఆ బూడిదలో అక్కడక్కడ ఈ మొక్కలు. మొద్దు మూరెడు కూడా ఉండదు, బొగ్గులా ఉంది. నెత్తిన మాత్రం లేత పచ్చ ఆకులు గొడుగులా విప్పుకుంటున్నాయి. ఇంకా విప్పుకోని చిన్నాకులు ఫెర్న్ మొక్కలకు ఉన్నట్టు చుట్టచుట్టుకుని ఉన్నాయి. మొదట చీపుర్లు కట్టే చిట్టీత అనుకున్నా. కానీ ఈతాకులా మడత లేదు. మా గైడ్ పేరు చెప్పాడు గానీ ఆయాసంలో సరిగ్గా వినలేదు.

మూడు ఫొటోలు, లొకేషన్ పిన్ కింద పెట్టాను. ఎవరైనా చెప్పగలరా?

నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 9:31

పిన్ తీసేశాను. రెండో ఫొటోలో వెనక శిఖరం స్పష్టంగా తెలుస్తోంది, అదీ తీసేశాను. కోపం తెచ్చుకోకండి, ఎందుకో మాస్టారు వచ్చి చెప్తారు.

శేషాచలం_నడక | ఆదివారం రాత్రి 9:34

గంజాయి మొక్క ఏమైనా పెట్టానా అన్నా?

బోటనీ_మాస్టారు, కడప | ఆదివారం రాత్రి 10:20

బాబూ, అంతకన్నా విలువైనదే పెట్టావు.

ఇది ఈత కాదు, ఈతకు చుట్టం కూడా కాదు. సైకస్ బెడ్డోమీ. కొండ చుట్టుపక్కల వాళ్లు పేరీత అంటారు, మీ గైడ్ చెప్పింది అదే అయుంటుంది. ‘పేరోలగం’, ‘పేరురము’ మాటల్లో ఉన్న ‘పేరు’ లాంటిదే ఇది కూడా, ‘పెద్ద ఈత’ అని అర్థం కావచ్చని నా ఊహ. మొక్క చూస్తే మోకాలెత్తే, అది వేరే సంగతి.

ఇంటర్ బైపీసీ చదివిన వాళ్లందరికీ సైకస్ పేరు గుర్తుండాలి. వివృతబీజాలు, ప్రవాళ వేళ్లు, పరీక్షలో బొమ్మ గీసి భాగాలు గుర్తించడం. ఆ సైకస్ ప్రజాతిలో తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని జాతి ఇది. పువ్వు పూయదు, కాయ కాయదు. గింజ మాత్రం ఉంటుంది, అదీ కాయ లోపల కాకుండా బయటే. తాటి, ఈత, కొబ్బరి ఇంకా పుట్టని కాలం నుంచి వస్తున్న వంశం.

దీనికి శాస్త్రీయ నామం 1883లో థిసెల్టన్ డయర్ పెట్టాడు. బెడ్డోమ్ అంటే అప్పటి మద్రాసు అటవీ శాఖలో పెద్ద అధికారి, సైన్యంలో కల్నల్. మొక్కలూ పాములూ కప్పలూ ఏవీ వదలకుండా సేకరించిన మనిషి. కడప కొండల్లో దీన్ని సేకరించాడు కాబట్టి ఆయన పేరు పడింది.

పిన్ ఎందుకు తీశారంటే, ప్రపంచంలో సైకస్ జాతులు నూటికి పైగా ఉన్నాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మిగతా అన్నిటినీ రెండో అనుబంధంలో పెట్టింది, అంటే పర్మిట్లతో వ్యాపారం చేసుకోవచ్చు. ఈ ఒక్కదాన్ని మాత్రం 1987లో మొదటి అనుబంధంలో చేర్చింది. పులి, ఏనుగు ఉన్న జాబితా అది. మన కొండ మీద మోకాలెత్తు మొక్కకి పులి పక్కన చోటు.

శేషాచలం_నడక | ఆదివారం రాత్రి 10:41

ఓరి దేవుడా. మేం దాని పక్కన కూర్చుని ఇడ్లీలు తిన్నాం సార్.

మిద్దెతోట_లక్ష్మి, హైదరాబాద్ | సోమవారం ఉదయం 7:05

మాస్టారు గారూ, నాకు టెన్షన్ మొదలైంది. మా మిద్దె మీద అచ్చం ఇలాంటిదే ఉంది! నాలుగేళ్ల క్రితం నర్సరీలో 1,200 పెట్టి కొన్నా. నా మీద కేసు పెడతారా? పైగా కొత్తాకులు వచ్చిన ప్రతిసారీ ఏవో చిన్న గొంగళ్లు చేరి మొత్తం తినేస్తున్నాయి.

బోటనీ_మాస్టారు | సోమవారం ఉదయం 8:15

అమ్మా, కంగారు పడకండి. మీది సైకస్ రెవల్యూటా, జపాన్ మొక్క. సాగో పామ్ అని అమ్ముతారు. నర్సరీల్లో దొరికేది దాదాపు అంతా అదే. దాని ఆకు ముదురు రంగులో గట్టిగా, మొన గుచ్చుకునేలా ఉంటుంది. పేరీత ఆకు అంత మొండిగా ఉండదు, రెమ్మలు చాలా సన్నం.

మీ గొంగళ్లు ప్లెయిన్స్ క్యుపిడ్ అనే చిన్న సీతాకోకచిలుకవి, రెక్క విప్పితే నీలం. సైకస్ లేతాకు వాటికి పెళ్లి భోజనం. మందు కొట్టకుండా, ఆకు విప్పుకునే పది రోజులు పలుచటి బట్ట కప్పి చూడండి.

ఒక మాట అడగాలి, ఇంట్లో కుక్క ఉందా?

మిద్దెతోట_లక్ష్మి | సోమవారం ఉదయం 8:22

ఉంది. ఎందుకండీ?

బోటనీ_మాస్టారు | సోమవారం ఉదయం 8:30

అయితే కుండీని అందనంత ఎత్తులో పెట్టండి. సైకస్‌లో సైకసిన్ అనే విషం ఉంటుంది, గింజల్లో మరీ ఎక్కువ. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గింజ నమిలి చచ్చిపోయిన పెంపుడు కుక్కలు చాలానే ఉన్నాయి.

మూలికల_మురళి | సోమవారం మధ్యాహ్నం 1:10

మాస్టారు చెప్పిందంతా బాగానే ఉంది గానీ, నాణేనికి ఇంకో వైపు కూడా చూడాలి కదండీ. మదనకామాక్షి అని దీని పువ్వును మా తాతల నుంచి వాడుతున్నారు. బలానికి, ఆ... ఇంకా దేనికో పేరులోనే ఉంది. విషం అంటారా, శుద్ధి చేస్తే పోతుంది. కేరళలో దీని చుట్టమైన ఇంకో సైకస్‌ని ‘ఈంత్’ అంటారు, గింజల పిండితో వంటలే చేసుకుంటారు. అయినా మేం కోసేది పువ్వే. చెట్టును నరకడం లేదు, వేరు తవ్వడం లేదు. మల్లెపూలు కోస్తే మల్లెచెట్టు అంతరించిపోతుందా?

కోడూరు_సుబ్బన్న, రైల్వే కోడూరు | సోమవారం మధ్యాహ్నం 2:47

మురళి గారూ, మా తట్టు కొండ కింద పెరిగినోణ్ని. మా చిన్నతనంలో ఆ పువ్వులు గంపల్లో దిగేవి. పైనాపిల్ పండంత ఉంటాయి, గోధుమ రంగు, చుట్టూ పొలుసులు. పక్కన కూర్చుంటే ఒక మాదిరి వాసన. మా జేజి ఇంట్లోకి రానిచ్చేది కాదు. సంతలో గంపలకు గంపలు అమ్ముడయ్యేవి. ఇప్పుడు నలభై ఏళ్లలో నా కంటబడినవి రెండో మూడో. కోసేవాళ్లు మంచోళ్లయ్యి మానేశారని మీరనుకుంటున్నారా, లేక కోయడానికి లేక మానేశారా?

బోటనీ_మాస్టారు | సోమవారం సాయంత్రం 6:02

మురళి గారి మల్లెపూల ప్రశ్న చిన్నది కాదు. ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పిన పాఠమే గానీ, ఇక్కడ ఎందుకు ముఖ్యమో నాకు కూడా రిటైరయ్యాకే తలకెక్కింది. కాస్త ఓపిగ్గా చదవండి.

పేరీతలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. బొప్పాయి లాగే. మీరు ‘పువ్వు’ అంటున్నది మగ మొక్క నెత్తిన వచ్చే శంకువు. ఆడ మొక్కకి శంకువు రాదు. నూగుతో ఉన్న ఆకుల్లాంటివి గుంపుగా వచ్చి, వాటి అంచుల్లో గింజలు కడతాయి. అంటే మందు కోసం కోసేది ఎప్పుడూ మగవాటినే.

మొదటి చిక్కు: మగ మొక్కలో శంకువు సరిగ్గా కాండం కొనమొగ్గ నుంచే వస్తుంది. ఆ ఏటికి ఆ కొన అయిపోయినట్టే. తర్వాత పెరగాలంటే శంకువు మొదట్లో పక్కనున్న చిన్న మొగ్గ అందుకోవాలి. ఆడ మొక్కకి ఈ బాధ లేదు, గింజల ఆకుల మధ్యలోంచి కొన అలాగే పైకి పెరుగుతుంది. కాబట్టి కొడవలితో శంకువును మొదలంటా లాగేస్తే ఆ పక్కమొగ్గ కూడా పోవచ్చు. మల్లెచెట్టుకి వెయ్యి కొనలుంటాయి మురళి గారూ. దీనికి ఉన్నది ఒక్కటి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. శంకువులో పుప్పొడి పండకముందే కోస్తే ఆ వాలులో ఆడ మొక్కలకి ఆ ఏడు పుప్పొడి లేదు. మోసం ఏంటంటే, సైకస్‌లో పుప్పొడి అందకపోయినా గింజ సైజుకి ఎదుగుతుంది. బయటికి నిండుగా కనిపిస్తుంది. లోపల పిండం ఉండదు. తాలు వడ్లలాంటివి. చూసినవాడు ‘కాపు బాగుంది’ అనుకుని వెళ్లిపోతాడు.

ఎప్పుడో 1896లో ఇకెనో అనే జపాన్ శాస్త్రవేత్త ఈ సైకస్‌లోనే ఒక వింత చూపించాడు. దీని పుంబీజాలు ఈదుతాయి. మొక్కే, కానీ పుంబీజం తోకలాంటి నూలుపోగులతో నీటిబొట్టులో ఈదుకుంటూ అండం దగ్గరికి వెళ్తుంది. మొక్కలన్నిటిలోకీ సైకడ్ల (సైకస్, దాని చుట్టాల) పుంబీజాలే పెద్దవి, సూక్ష్మదర్శిని లేకుండా చుక్కలా కనిపించేంత. అన్ని కోట్ల ఏళ్లుగా ఈదుతున్న దాన్ని మనం గంపలో వేసి కిలోల లెక్కన అమ్మాం.

‘మనం’ అని ఎందుకన్నానంటే, ఎనభైల్లో పిల్లల్ని బొటానికల్ టూర్ తీసుకెళ్లి నేను కూడా ఒక శంకువు కోయించాను. ప్రాక్టికల్స్‌కి స్పెసిమెన్ కావాలి. ఫార్మలిన్ సీసాలో వేసి లేబుల్ నా చేత్తోనే రాశాను. నేను రిటైరైన రోజుకి ఆ సీసా ల్యాబులోనే ఉంది.

లండన్_పద్మ | సోమవారం రాత్రి 11:50

మాస్టారు చెప్పింది చదివాక నాకు ఇక్కడి బొటానికల్ తోట క్యూ గార్డెన్స్‌లో చూసిన మొక్క గుర్తొచ్చింది. ఎన్సెఫలార్టాస్ వుడీ అని, దక్షిణాఫ్రికా సైకడ్. 1895లో న్గోయే అడవిలో దొరికింది ఒకే ఒక్కటి, అదీ మగది. ఆడది ఇప్పటిదాకా ఎవరికీ కనపడలేదు. క్యూలో ఉన్నది 1899లో తెచ్చిన దాని పిలకట. ప్రపంచంలో ఎన్ని తోటల్లో ఉన్నా అన్నీ ఆ ఒక్క మొక్క పిలకలే, గింజ రాదు. దాని ముందు బోర్డు చదివి మా పాప ‘మరి ఇది ఒంటరిగా ఉందా’ అని ఏడ్చినంత పని చేసింది.

మన దగ్గర తిరగబడిందన్నమాట. ఆడవి మిగిలి మగవి పోతే?

మూలికల_మురళి | మంగళవారం ఉదయం 6:40

తాలు గింజ సంగతి నాకు నిజంగా తెలియదు. ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కటి. చట్టం పేరు చెప్పి అడవినే నమ్ముకున్న యానాదుల్ని దొంగల్లా చూడటం మాత్రం అన్యాయం. కొనేవాడు ఏసీలో ఉంటాడు, పట్టుబడేది గంప మోసినవాడు.

ఫారెస్టు_పక్షి | మంగళవారం ఉదయం 9:25

నా పేరు, ఊరు అడగొద్దు. అడవిలోనే ఉద్యోగం.

మురళి గారు చివర్లో అన్నది కరెక్ట్. చట్టంలో కూడా అది ఉంది. 1991 సవరణతో వన్యప్రాణి చట్టంలో మొక్కల్ని తెచ్చారు, అప్పుడు ఆరో షెడ్యూల్‌లో పెట్టినవి ఆరే ఆరు. అందులో మొదటి పేరు ఇదే, బెడ్డోమ్స్ సైకడ్. 2022 సవరణ తర్వాత మొక్కల జాబితా మూడో షెడ్యూల్ అయింది. కోయడం, పెరకడం, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం అన్నీ నేరం. పెంచాలన్నా లైసెన్స్ కావాలి. కానీ షెడ్యూల్డ్ తెగల వాళ్లు తాము ఉండే జిల్లాలో సొంత వాడకానికి తీసుకోవచ్చని 17ఏ సెక్షన్‌లోనే ఉంది. సొంత వాడకానికి మాత్రమే. గంప సంతకెళ్తే కాదు.

ఇక నిజం చెప్పాలంటే మా రాత్రి గస్తీ అంతా ఎర్రచందనం దుంగల కోసమే. దుంగ పోతే లెక్క అడుగుతారు, పైకి రిపోర్టు పోతుంది. పేరీత శంకువు ఒకటి పోతే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ ఇంత చర్చ జరుగుతుంటే ఆశ్చర్యంగా ఉంది.

ఇప్పుడు మంట సంగతి. ఫొటో చూసి ‘కాలినా బతికింది, మొండి మొక్క’ అని మురిసిపోవద్దు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అంత పెద్ద మంట వచ్చింది కదా, హెలికాప్టర్లతో నీళ్లు పోశారు. ఆ తర్వాతి ఏళ్లలో నేను తిరిగిన చోట్ల పెద్ద మొక్కలు మళ్లీ చిగురేశాయి. కానీ పిల్ల మొక్కలు? వెతికితే గానీ లేవు. కొత్త గడ్డి కోసం పెట్టే మంటలు, తేనె తీసేవాళ్ల దివిటీలు, బీడీ ముక్కలు, ఏడాది విడిచి ఏడాది ఒకే వాలు కాలుతుంది.

బోటనీ_మాస్టారు | మంగళవారం ఉదయం 10:10

మీరు చెప్పింది అక్షరాలా నిజం. పెద్ద మొక్కకి రాలిన ఆకుల మొదళ్లే కవచం, మొద్దు చుట్టూ పెంకులా ఉండి లోపలి మొగ్గని కాపాడతాయి. వేళ్లలో నీలి ఆకుపచ్చ శైవలాలు కాపురం ఉంటాయి, గాల్లోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అందుకే ఏమీ పండని రాతి నేలలో, బూడిదలో కూడా లేస్తుంది. రెండేళ్ల పిల్లకి కవచం ఎక్కడిది? పైన పడి ఉన్న గింజలు కూడా కాలిపోతాయి. ముసలాళ్లు మాత్రమే మిగిలిన ఊరిలా అవుతుంది ఆ వాలు.

అందుకే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2010లో దీన్ని ‘ఆపదలో ఉన్న జాతి’ అన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు.

కోడూరు_సుబ్బన్న | మంగళవారం ఉదయం 11:32

ఒక సందేహం. డైనోసార్ల కాలం మొక్క అంటారు కదా టీవీల్లో. అన్ని కోట్ల ఏళ్లు బతికింది మన గంపలకా పోయేది?

బోటనీ_మాస్టారు | మంగళవారం ఉదయం 11:55

వంశం అప్పటిది సుబ్బన్నా, ఈ జాతి కాదు. ఇప్పుడున్న సైకడ్ జాతులు చాలావరకు గత కోటి, కోటిన్నర ఏళ్లలో విడివడినవేనని 2011లో జన్యు అధ్యయనం తేల్చింది. నేను కూడా క్లాసులో ‘సజీవ శిలాజం’ అని గట్టిగా చెప్పినవాణ్నే. ఆ మాటతో ఒక నష్టం ఉంది. రాయిలాంటిది, దానికేం కాదులే అనిపిస్తుంది.

మిద్దెతోట_లక్ష్మి | మంగళవారం మధ్యాహ్నం 12:15

కుక్క సేఫ్. కుండీ వాటర్ ట్యాంక్ మీదికి ఎక్కించాం. మా ఆయనకి నడుం పట్టేసింది.

అడగకూడదేమో గానీ, నర్సరీల్లో పెంచి అమ్మితే అడవిలో కోయడం తగ్గుతుంది కదా?

ఫారెస్టు_పక్షి | మంగళవారం మధ్యాహ్నం 1:40

లైసెన్స్ ఉన్న నర్సరీ గింజ నుంచి పెంచితే మంచిదే. కానీ గింజ నుంచి శంకువు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అంత ఓపిక ఉన్నవాడు తక్కువ, కొండ మీద తయారుగా ఉన్నది తవ్వుకునేవాడు ఎక్కువ. కుండీలోకి వచ్చాక ఏది పెంచింది, ఏది తవ్వింది అని మాలాంటోళ్లం ఎలా తేల్చాలి?

శేషాచలం_నడక | మంగళవారం రాత్రి 8:50

రెండు రోజులుగా చదువుతున్నా, మాట్లాడలేదు. ఇవాళ కూర్చుని నా దగ్గరున్న ఫొటోలన్నీ జూమ్ చేసి చూశా. మొత్తం పదకొండు మొక్కలు. మాస్టారు చెప్పిన గుర్తుల ప్రకారం ఐదింటికి ఎండిన గింజల ఆకులు ఇంకా వేలాడుతున్నాయి, అంటే ఆడవి. ఐదింటికి ఏ గుర్తూ లేదు. ఒకదానికి నెత్తి మీద తెల్లగా ఏదో ఉంటే బూడిద అనుకున్నా. బూడిద కాదు, కత్తి గాటు. నున్నగా కోసి ఉంది. పక్కన చిగురు కూడా లేదు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఇక్కడ నిర్వాహకుడు పిన్ తీసేశాడు గానీ, ఆదివారమే ఇన్‌స్టాలో రీల్ పెట్టా, లొకేషన్ ట్యాగ్‌తో సహా. నాలుగు వేల మంది పైగా చూశారు. ‘బ్రో ఇది ఎక్కడ’ అని అడిగిన వాళ్లకి దారి కూడా చెప్పా. ఇప్పుడే తీసేశా. చూసినవాళ్లు చూసేశారు కదా సార్. ఏం చేయాలి?

బోటనీ_మాస్టారు | మంగళవారం రాత్రి 9:15

దారి అడిగినవాళ్లు ఎవరో ఒకసారి చూసుకో. మొక్కల పిచ్చోళ్లా, నీలా నడిచేవాళ్లా, లేక ఇంకోరకమా. నేను సీసా పెట్టాను, నువ్వు రీల్ పెట్టావు. మనిద్దరం ఒకరి మీద ఒకరం గట్టిగా మాట్లాడే స్థితిలో లేం.

మూలికల_మురళి | మంగళవారం రాత్రి 9:48

నా దగ్గర ఎండినవి రెండు ఉన్నాయి, పాతవి. ఎవరికి ఇవ్వాలో కూడా తెలియదు, ఇస్తే కేసవుతుందేమో. కొత్తవి మాత్రం కొననని ఇక్కడ రాస్తున్నా. సాక్షులు మీరే.

ఫారెస్టు_పక్షి | మంగళవారం రాత్రి 10:30

తమ్ముడూ, ఏ వాలో నాకు అర్థమైంది. మిగిలిన ఫొటోలో ఆ బండ చూసి పట్టుకున్నా. గురువారం ఎలాగూ అటు వెళ్లాలి. రీల్ చూసి ఎవరైనా వస్తే ఈ వారంలోనే వస్తారు. తోడు ఇద్దర్ని తీసుకెళ్తా.

నిర్వాహకుడు | మంగళవారం రాత్రి 10:34

ఆ ఫొటో కూడా తీసేశాను.

ఫారెస్టు_పక్షి | గురువారం రాత్రి 8:05

వెళ్లొచ్చాం. మనుషుల అడుగులు ఉన్నాయి గానీ ఆదివారం మీ గుంపువే అనుకుంటా, ఇడ్లీ పొట్లాల ఆకులు కూడా దొరికాయి. ఏరుకొచ్చాం. ఇంకోసారి మీ చెత్త మీరే తెచ్చుకోండి.

నువ్వు పదకొండు లెక్కపెట్టావు. పన్నెండు ఉన్నాయి. పన్నెండోది పెద్ద బండ వెనక, మంట అక్కడిదాకా పోలేదు. మగది. శంకువు వచ్చి ఉంది, ఇంకా విచ్చుకోలేదు. చుట్టూ ముళ్లకంప వేసి వచ్చాం.

ఫొటో తీయలేదు.